లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు? టికెట్ కొనేముందు తెలుసుకోవాల్సిన లెక్కలు

దేశంలో ఒక కొసన హిమాలయాల నడుమ లేహ్. మరో కొసన బంగాళాఖాతం మధ్యలో పోర్ట్ బ్లెయిర్. ఒకటి చలి ఎడారి, ఇంకొకటి వర్షారణ్యాల దీవి. ఈ రెండింటి మధ్య దూరం ఎంతని ఫోన్‌లో వెతికితే ఒక్కో సైట్ ఒక్కో అంకె చూపిస్తుంది. ఒకచోట నాలుగు గంటల ప్రయాణం అని ఉంటుంది, ఇంకోచోట ఇరవై ఆరు గంటలు అని ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, రెండూ తప్పు కాదు.

సైన్యంలో పనిచేస్తూ లద్దాఖ్ నుంచి అండమాన్‌కు బదిలీ అయినవారు, ఒకే సెలవులో రెండు ప్రాంతాలూ చుట్టేయాలనుకునే కుటుంబాలు, దీవుల్లో స్థిరపడిన బంధువులను చూసేందుకు వెళ్లేవారు ఈ అంకెలను నమ్మే టికెట్ కొంటారు. లెక్క అర్థం కాకపోతే పోయేది డబ్బే కాదు, ఒక్కోసారి ఒక రోజంతా పోతుంది. అందుకే ఆ లెక్కను మొదటి నుంచి చూద్దాం.

ముందుగా సూటిగా జవాబు

లేహ్‌లోని కుశోక్ బకుల రింపోచే విమానాశ్రయం నుంచి పోర్ట్ బ్లెయిర్‌లోని వీర్ సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయానికి ఆకాశ మార్గంలో నేరు దూరం సుమారు 2,940 కిలోమీటర్లు. విమానయాన భాషలో చెప్పాలంటే దాదాపు 1,590 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం.

మామూలు జెట్ విమానం ఈ దూరాన్ని ఆగకుండా వెళ్తే నాలుగు గంటల పది నిమిషాలు పడుతుంది. కానీ ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా నడిచే విమానం లేదు. ఢిల్లీలో మారితే గాల్లో గడిపే సమయమే దాదాపు ఐదు గంటలు. మధ్యలో నిరీక్షణ కలిపితే మొత్తం ప్రయాణం ఎనిమిది, తొమ్మిది గంటల నుంచి ఒక రోజుకు పైగా సాగవచ్చు.

నాలుగు గంటల అంకె ఎక్కడ పుట్టింది, ఇరవై ఆరు గంటల అంకె ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసింది కదా. మొదటిది కాగితం మీది లెక్క. రెండోది టికెట్ మీది లెక్క.

దూరాన్ని మీరే లెక్కకట్టవచ్చు

దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు. కావాల్సింది రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు.

లేహ్: ఉత్తర అక్షాంశం 34.14 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 77.55 డిగ్రీలు.
పోర్ట్ బ్లెయిర్: ఉత్తర అక్షాంశం 11.64 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 92.73 డిగ్రీలు.

అక్షాంశాల తేడా 22.5 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి మీరు దిగాల్సింది సుమారు 2,500 కిలోమీటర్లు.

రేఖాంశాల తేడా 15.18 డిగ్రీలు. రేఖాంశాల మధ్య ఎడం భూమధ్యరేఖ దగ్గర ఎక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ తక్కువ. ఈ రెండు ఊళ్లకు నడిమి అక్షాంశమైన 23 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 102 కిలోమీటర్లు. కాబట్టి పడమటి నుంచి తూర్పుకు జరగాల్సింది సుమారు 1,550 కిలోమీటర్లు.

ఇక మిగిలింది బడిలో చదువుకున్న లంబకోణ త్రిభుజం. 2,500 వర్గం, 1,550 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 2,940 వస్తుంది. భూమి గుండ్రంగా ఉందన్న సంగతిని పూర్తిగా లెక్కలోకి తీసుకునే సూత్రంతో చేసినా దాదాపు ఇదే అంకె వస్తుంది. ఖండాలు దాటే ప్రయాణాలకు మాత్రం ఈ చిట్కా పనికిరాదు. అక్కడ గోళం మీది వంపును లెక్కించక తప్పదు.

లెక్క చేసే ఓపిక లేకపోతే గూగుల్ మ్యాప్స్‌లో ఒక చోట వేలు నొక్కి పట్టుకోండి. పిన్ పడ్డాక వచ్చే వివరాల్లో దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఎంచుకుని రెండో చోటికి మ్యాప్‌ను జరిపితే నేరు దూరం కనిపిస్తుంది. సైట్ల మధ్య ఐదు, పది కిలోమీటర్ల తేడా రావడానికి కారణం ఒకరు ఊరి నడిబొడ్డు నుంచి, ఇంకొకరు రన్‌వే నుంచి కొలవడమే.

ఆ నేరు గీత ఎక్కడి నుంచి పోతుంది?

ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు. కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు గ్లోబు మీద నేరుగా గీత గీస్తే అది ముందు టిబెట్ పశ్చిమ ప్రాంతం మీదుగా, తర్వాత పశ్చిమ నేపాల్ మీదుగా పోతుంది. ఆ తర్వాతే ఉత్తరప్రదేశ్‌లోకి దిగి, బిహార్, జార్ఖండ్ దాటి, ఒడిశాలోని బాలాసోర్ పరిసరాల్లో తీరాన్ని వదిలి సముద్రం మీదికి చేరుతుంది. గీతకు సరిగ్గా మధ్య బిందువు రాంచీకి దగ్గర్లో పడుతుంది.

దేశంలోనే రెండు ఊళ్ల మధ్య గీసిన గీత ఇలా సరిహద్దులు దాటుతుంది. లేహ్ నుంచి బయల్దేరే దేశీయ విమానం సరిహద్దు దాటి అటు పోలేదు. ముందు దక్షిణంగా పర్వతాలు దాటి మైదానంలోకి రావాల్సిందే. అందుకే నేరు దూరం అన్న అంకె సైట్లలో కనిపిస్తుందే తప్ప, ఏ విమానమూ ఆ దారిన పోదు.

ఢిల్లీ మీదుగా వెళ్తే ఎంత చుట్టు?

లేహ్ నుంచి ఢిల్లీ సుమారు 620 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 2,480 కిలోమీటర్లు. మొత్తం 3,100 కిలోమీటర్లు. నేరు దూరంతో పోలిస్తే పెరిగింది 160 కిలోమీటర్లే. జెట్ విమానానికి అది పన్నెండు నిమిషాల పని.

అంటే ఢిల్లీ మీదుగా వెళ్లడం వల్ల దూరం విషయంలో మీకు నష్టం లేదు. నష్టమంతా ఢిల్లీలో కూర్చునే సమయంలోనే. కాబట్టి టికెట్ వెతికేటప్పుడు ఏ ఊరి మీదుగా అన్నదాని కంటే మధ్యలో ఎన్ని గంటలు అన్నదే ముందు చూడాలి.

హైదరాబాద్‌లో ఆగి ఇంటివాళ్లను చూసి వెళ్దామనుకునే వారి లెక్క వేరు. లేహ్ నుంచి హైదరాబాద్‌కు నేరు దూరం సుమారు 1,880 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,660 కిలోమీటర్లు. మొత్తం 3,540. అంటే నేరు దూరం కంటే 600 కిలోమీటర్లు ఎక్కువ.

పోర్ట్ బ్లెయిర్‌కు మన వైపు నుంచి దగ్గరి పెద్ద విమానాశ్రయం విశాఖపట్నం. దూరం సుమారు 1,225 కిలోమీటర్లు. కోల్‌కతా నుంచి సుమారు 1,300, చెన్నై నుంచి సుమారు 1,370 కిలోమీటర్లు. అయితే దగ్గరగా ఉన్న ప్రతి ఊరి నుంచీ నేరు విమానం ఉంటుందని అనుకోకండి. సీజన్‌ను బట్టి సర్వీసులు మారుతుంటాయి. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడలు కూడా నడుస్తాయి. వాటిలో రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. దీవుల్లో ఎందరో తెలుగువారు స్థిరపడ్డారు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వెళ్లినవారు వారిలో చాలామంది. వారికి విశాఖ ఓడ కొత్త సంగతేమీ కాదు.

దూరం నుంచి సమయాన్ని ఎలా తీయాలి?

ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం పైకి చేరాక గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కానీ టికెట్ మీద రాసే సమయం గాల్లో ఉన్న సమయం మాత్రమే కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి దిగిన చోట గేటు దగ్గర ఆగేవరకు లెక్క. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నడవడం, పైకి లేవడం, కిందికి దిగడం, వరుసలో ఆగడం అన్నీ అందులోనే.

అందుకే ఒక సులువైన చిట్కా. దూరాన్ని 800తో భాగించండి. వచ్చిన గంటలకు అరగంట కలపండి.

లేహ్ – ఢిల్లీ: 620 కి.మీ., సుమారు గంటా 15 నిమిషాలు.
ఢిల్లీ – పోర్ట్ బ్లెయిర్: 2,480 కి.మీ., సుమారు మూడు గంటల 35 నిమిషాలు.
హైదరాబాద్ – పోర్ట్ బ్లెయిర్: 1,660 కి.మీ., సుమారు రెండున్నర గంటలు.
హైదరాబాద్ – ఢిల్లీ: 1,260 కి.మీ., సుమారు రెండు గంటల ఐదు నిమిషాలు.

టైమ్ టేబుల్‌లో పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూ ఉండవచ్చు. అలాగే పోయేటప్పటి సమయం, వచ్చేటప్పటి సమయం ఒకటి కావు. శీతకాలంలో ఉత్తర భారతం మీద ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. ఢిల్లీ నుంచి ఆగ్నేయానికి పోయే విమానాన్ని అవి వెనక నుంచి నెడతాయి. తిరుగు ప్రయాణంలో ఎదురొస్తాయి. కాబట్టి తిరిగి వచ్చే విమానం ఎక్కువసేపు తీసుకుంటే కంగారు పడనక్కర్లేదు.

నేరుగా విమానం ఎందుకు వేయరు?

3,000 కిలోమీటర్లు ఏ320కి పెద్ద దూరం కాదు. సమస్య రెండు కొసల్లోనూ ఉంది.

లేహ్ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి పీడనం సముద్ర తీరంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. గాలి పలచగా ఉంటే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది. విమానం పైకి లేవాలంటే నేల మీద ఇంకా వేగంగా పరుగెత్తాలి, అందుకు పొడవైన రన్‌వే కావాలి. చుట్టూ కొండలు ఉన్నందున లేచిన వెంటనే ఎత్తు అందుకోవాలి. కాబట్టి లేహ్ నుంచి బయల్దేరే విమానం బరువు తగ్గించుకోవాలి. నాలుగు గంటల ప్రయాణానికి సరిపడా ఇంధనం నింపితే ఆ మేరకు ప్రయాణికులనో, సామానునో వదిలేయాలి. ఢిల్లీ దాకా అయితే ఇంధనం తక్కువ చాలు.

అటు పోర్ట్ బ్లెయిర్‌లో వేరే సమస్య. భారీ వర్షమో, గాలి దుమారమో వచ్చి దిగడానికి వీల్లేకపోతే విమానం మరో చోటికి వెళ్లాలి. భారత ప్రధాన భూభాగంలోని ప్రత్యామ్నాయాలన్నీ 1,200 కిలోమీటర్లకు పైనే. అంటే మరో రెండు గంటల ప్రయాణం. అక్కడికి వెళ్లే విమానం ఆ అదనపు ఇంధనాన్ని వెంట మోయాలి. వాతావరణం బాగోలేక పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్లి చెన్నైకో, కోల్‌కతాకో తిరిగి వచ్చేయడం అందుకే అప్పుడప్పుడు జరుగుతుంటుంది.

ఒక కొసన ఇంధనం ఎక్కువ నింపలేరు. ఇంకో కొసన ఎక్కువ ఇంధనం లేకుండా పోలేరు. దీనికి తోడు రోజూ విమానం నిండేంత మంది ఈ రెండు ఊళ్ల మధ్య తిరగరు. విమానయాన సంస్థలు ఢిల్లీలో మార్చడానికే మొగ్గు చూపడానికి కారణాలు ఇవి.

వేళల విషయంలోనూ జాగ్రత్త

లేహ్‌లో మధ్యాహ్నం అయ్యేకొద్దీ ఎండ ముదిరి లోయలో గాలులు బలపడతాయి. గాలి వేడెక్కితే ఇంకా పలచబడుతుంది. అందుకే ప్రయాణికుల విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి. పొద్దున విమానం రద్దయితే సాయంత్రం ఇంకొకటి ఉంటుందన్న భరోసా అక్కడ లేదు. మరుసటి రోజు దాకా ఆగాల్సి రావచ్చు. శీతకాలంలో మంచు, మబ్బుల వల్ల వరుసగా రద్దులు కూడా ఉంటాయి.

పోర్ట్ బ్లెయిర్ వైపు వెళ్లే విమానాలు కూడా చాలావరకు పగటి మొదటి భాగంలోనే ఉంటాయి. లేహ్ విమానం దిగి ఢిల్లీలో అందుకోవాల్సిన విమానం అప్పటికే వెళ్లిపోయి ఉండవచ్చు. టికెట్ సైట్లలో కనిపించే ఇరవై నాలుగు, ఇరవై ఆరు గంటల ప్రయాణాలకు మూలం ఇదే. ఢిల్లీలో రాత్రి బస ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి.

గడియారం మార్చక్కర్లేదు కానీ సూర్యుడు మారతాడు. పోర్ట్ బ్లెయిర్ లేహ్ కంటే 15 డిగ్రీలు తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అంటే గంట తేడా. దేశమంతా ఒకే సమయం కాబట్టి ఆ తేడా గడియారంలో కనిపించదు, ఆకాశంలో కనిపిస్తుంది. డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం దిగి అదే రోజు బీచ్‌లు చూసేద్దామనుకుంటే చీకటి ముందొస్తుంది.

ఒకే టికెట్టా, రెండు టికెట్లా?

ఈ ప్రయాణంలో మీ డబ్బు నిలవాలా పోవాలా అన్నది తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే.

లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా ఒకే పీఎన్‌ఆర్ కింద టికెట్ కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోయినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత విమానయాన సంస్థదే. అలా కాకుండా చవగ్గా వస్తోందని లేహ్–ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ–పోర్ట్ బ్లెయిర్‌కు ఇంకో టికెట్ విడిగా కొంటే, రెండో సంస్థ దృష్టిలో మీరు సమయానికి రాని ప్రయాణికుడే. ఆ టికెట్ డబ్బు దాదాపుగా పోయినట్టే. రెండు టికెట్లూ ఒకే సంస్థవైనా పీఎన్‌ఆర్‌లు వేరైతే ఇదే పరిస్థితి. విడిగా కొన్నప్పుడు సామాను కూడా ఢిల్లీలో తీసుకుని మళ్లీ అప్పగించాలి.

విడి టికెట్లు తప్పదనుకుంటే లేహ్ నుంచి వచ్చేటప్పుడు మధ్యలో కనీసం ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి. అటు నుంచి లేహ్‌కు వెళ్లేటప్పుడు కూడా ఇదే సూత్రం. సెలవు ముగిసే రోజే లేహ్ నుంచి బయల్దేరేలా పెట్టుకోవద్దు.

ఒకవేళ విమానం అందక టికెట్ వృథా అయినా ఊరుకోవద్దు. ప్రయాణం చేయనప్పుడు ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని నిబంధన ఉంది. టికెట్ రీఫండ్ రాదని రాసి ఉన్నా ఈ భాగం మీదే. అడిగితేనే వస్తుంది.

రద్దయితే, ఆలస్యమైతే మీకు దక్కేవి

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ నిబంధనల్లో బ్లాక్ టైమ్‌కు ప్రాధాన్యం ఉంది. పైన చేసిన సమయం లెక్క ఇక్కడ పనికొస్తుంది.

విమానం రద్దయితే సంస్థ మీకు ప్రత్యామ్నాయ విమానమో, పూర్తి రీఫండో ఇవ్వాలి. నిబంధనల ప్రకారం ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే అదనంగా పరిహారం కూడా ఇవ్వాలి. బ్లాక్ టైమ్ గంట లోపుంటే రూ.5,000, గంట నుంచి రెండు గంటలైతే రూ.7,500, రెండు గంటలు దాటితే రూ.10,000. అయితే ఒక వైపు మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. ఈ లెక్కన లేహ్–ఢిల్లీ రెండో తరగతిలోకి, ఢిల్లీ–పోర్ట్ బ్లెయిర్ మూడో తరగతిలోకి వస్తాయి. ఒకే టికెట్ మీద ఉన్న కనెక్టింగ్ విమానం తప్పిపోయినప్పుడు కూడా ఇదే పరిహారం వర్తిస్తుంది. విడి టికెట్లకు వర్తించదు.

ఆలస్యం విషయంలో, రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే భోజనం, ఫలహారం ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల బ్లాక్ టైమ్ ఉన్న విమానానికి ఈ గడువు మూడు గంటలు. దేశీయ విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమయ్యేటట్టుంటే ప్రత్యామ్నాయ విమానమో, పూర్తి రీఫండో కోరవచ్చు. ఆలస్యం 24 గంటలు దాటితే హోటల్ బస ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా బస ఇవ్వాల్సిందే.

ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. వాతావరణం లాంటి సంస్థ చేతిలో లేని కారణాలతో రద్దయితే నగదు పరిహారం రాదు. లేహ్, పోర్ట్ బ్లెయిర్ రెండింటిలోనూ రద్దులకు తరచూ కారణం వాతావరణమే. అప్పుడు కూడా రీఫండ్ లేదా ప్రత్యామ్నాయ విమానం మాత్రం అడిగి తీసుకోండి. పరిహారం రాదన్న మాటను రీఫండ్ రాదన్నట్టు చెబితే ఒప్పుకోవద్దు.

రద్దు సందేశం, బోర్డింగ్ పాస్, తిండికి, బసకు పెట్టిన ఖర్చుల రసీదులు దాచుకోండి. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్పందన లేకపోతే పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవ పోర్టల్‌లో లేదా యాప్‌లో నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.

చార్జీ కిలోమీటర్ల లెక్కన ఉంటుందా?

ఉండదు. రైలు టికెట్‌లా విమాన టికెట్‌కు దూరం లెక్క కట్టరు. గిరాకీ, సీట్ల ఖాళీ, పోటీని బట్టి ధర మారుతుంది. రోడ్డు దారి మూసుకుపోయే శీతకాలంలో 620 కిలోమీటర్ల లేహ్–ఢిల్లీ టికెట్ ధర అంతకు రెట్టింపు దూరం ఉన్న హైదరాబాద్–ఢిల్లీ టికెట్‌ను మించినా ఆశ్చర్యం లేదు.

అయితే ప్రభుత్వం జోక్యం చేసుకున్న సందర్భాల్లో దూరమూ, వ్యవధీ లెక్కకు వచ్చాయి. కరోనా కాలంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు వరకు దేశీయ మార్గాలను ప్రయాణ వ్యవధిని బట్టి ఏడు తరగతులుగా విభజించి చార్జీలకు హద్దులు పెట్టారు. 2025 డిసెంబరులో పెద్ద ఎత్తున విమానాలు రద్దయినప్పుడు దూరాన్ని బట్టి తాత్కాలిక పరిమితి విధించారు. 500 కిలోమీటర్ల వరకు రూ.7,500, వెయ్యి వరకు రూ.12,000, 1,500 వరకు రూ.15,000, ఆపైన రూ.18,000.

శరీరానికీ దూరం ఉంటుంది

సముద్ర మట్టం నుంచి 3,256 మీటర్ల ఎత్తుకు ఒక్కసారిగా వెళ్లడం శరీరానికి పరీక్షే. మామూలుగా విమానం లోపల పీడనాన్ని సుమారు 2,400 మీటర్ల ఎత్తుకు సమానంగానో, అంతకంటే మెరుగ్గానో ఉంచుతారు. అంటే లేహ్‌లో తలుపు తెరిచాక మీరు పీల్చే గాలి విమానంలో పీల్చిన దానికంటే పలచన. మొదటి ఒకటి, రెండు రోజులు విశ్రాంతిగా ఉండండి. నీళ్లు బాగా తాగండి, మద్యం వద్దు. తలనొప్పి, వాంతులు, ఆయాసం పెరుగుతుంటే ఓర్చుకుంటూ కూర్చోవద్దు, వెంటనే వైద్యుణ్ని కలవండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు, గర్భిణులు టికెట్ కొనేముందే డాక్టర్ సలహా తీసుకోవాలి.

అండమాన్‌లో స్కూబా డైవింగ్ చేసేవారికి మరో హెచ్చరిక. నీటి లోతుల్లో ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్, పీడనం తగ్గిన చోటికి త్వరగా వెళ్తే బుడగలుగా మారి ప్రాణాల మీదికి తెస్తుంది. ఒక్కసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, పలుమార్లు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవింగ్ భద్రతా మార్గదర్శకాలు చెబుతున్నాయి. పూర్తిగా ఒక రోజు ఖాళీ ఉంచుకుంటే ఇంకా మంచిది. పోర్ట్ బ్లెయిర్ నుంచి లేహ్ వైపు వెళ్లేవారు డైవింగ్‌ను ప్రయాణానికి ముందు రోజు అసలు పెట్టుకోవద్దు.

పేర్లు, కోడ్‌ల గందరగోళం

లేహ్ విమానాశ్రయం కోడ్ ఐఎక్స్ఎల్. పోర్ట్ బ్లెయిర్ కోడ్ ఐఎక్స్‌జడ్. చివరి అక్షరం ఒక్కటే తేడా. టికెట్ కొనేటప్పుడు ఊరి పేరు మరోసారి చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్ నగరానికి కేంద్రం 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చింది. టికెట్ల మీద ఏ పేరు కనిపించినా కోడ్ సరిపోతే ఊరు అదే.

రెండు విమానాశ్రయాలకూ రక్షణ దళాలతో సంబంధం ఉంది. లేహ్‌లో వైమానిక దళం, పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళం ఉన్నాయి. రన్‌వే మీద ఉన్నప్పుడు ఫొటోలు, వీడియోలు తీయవద్దని సిబ్బంది చెబితే పాటించాలి. 1948 మే 24న ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని లేహ్‌లో తొలిసారి దించింది కూడా యుద్ధ అవసరం కోసమే.

టికెట్ కొనేముందు ఒక్క నిమిషం

నేరు దూరం చూసి సమయం అంచనా వేయకండి, టికెట్ మీది మొత్తం వ్యవధి చూడండి.
ఒకే పీఎన్‌ఆర్ ఉందో లేదో సరిచూసుకోండి.
లేహ్ వైపు ప్రయాణానికి ముందూ వెనుకా ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.
విమానం ఎక్కే ముందు రోజు రాత్రి, బయల్దేరే ముందు మరోసారి విమాన స్థితి చూసుకోండి.
ఫోన్ నంబర్ సరిగ్గా ఇవ్వండి. ఏజెంట్ తన నంబర్ ఇస్తే రద్దు సందేశం మీకు చేరదు, ముందుగా చెప్పామని సంస్థ అంటే మీ పరిహారమూ చిక్కుల్లో పడుతుంది.